ఒకటో నంబరు

ఛాతీ నొప్పితో వచ్చేవాళ్లలో సగం మంది ఆ మాట అనరు. గేస్ అంటారు. గుండెల్లో పట్టేసిందంటారు, ఎగదోస్తోందంటారు, దవడ లాగేస్తోందంటారు, నిన్న తిన్న పనసపిక్కలు అరగలేదంటారు. పలాసలో నేను పనిచేసిన తొమ్మిదేళ్లలో ‘నాకు ఛాతీలో నొప్పిగా ఉంది’ అని పుస్తకంలో ఉన్నట్టు చెప్పినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో ఒకాయన తెలుగు మాస్టారు. ఆయనకి నిజంగానే గేస్.

నేను స్టాఫ్ నర్సుని. పుట్టింది బారువ పక్క పల్లెలో, చదివింది శ్రీకాకుళంలో, ఇప్పుడు పని టెక్కలిలో. టెక్కలికి రాకముందు పలాసలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఉండేదాన్ని. దాని పేరు అక్కర్లేదు. ఆ బోర్డు దించేసి చాలాకాలమైంది, ఇప్పుడక్కడ టైల్స్ షాపు ఉంది. పన్నెండు మంచాలు, ఒక డాక్టరు, వంతులవారీగా ముగ్గురు నర్సులం, ఒక ఆయా, ఒక ఈసీజీ మిషను. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మిషను ఎవరి మంచం దగ్గర ఉంది అన్నదాని మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని కూడా మనుషుల లెక్కలో కలిపాను.

నాకు పని నేర్పింది ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే సీనియర్ సిస్టరు. ఇంట్లో ఒడియా, ఆసుపత్రిలో తెలుగు, కోపం వస్తే రెండూ. కొత్తలో నేను నర్సింగు పుస్తకం బట్టీ పట్టినదాన్ని పేషెంటు ముందు నిలబడి వల్లించేదాన్ని. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎటు పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది. ఆవిడ ఒకరోజు నా చేతిలో కాగితం లాక్కుని, నువ్వు కాగితాన్ని చూస్తూ మనిషిని అడుగుతున్నావు, వాడు చచ్చిపోయినా నువ్వింకా నాలుగో ప్రశ్నలోనే ఉంటావు అంది. ఆ తర్వాత అన్న మాట మాత్రం ఆవిడ గొంతులోనే గుర్తుంది.

“మనిసి నోటితో అబద్దమాడతాడు గానీ సేత్తో ఆడనేడు. ముందు సెయ్యి సూడు.”

ఆవిడ లెక్క ఇలా ఉండేది. నొప్పి ఎక్కడ అని అడిగితే ఒక్క వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించేవాడు చాలావరకు కండ పట్టినవాడు. అరచెయ్యి మొత్తం ఛాతీ మీద పరిచేవాణ్ని పడుకోబెట్టాలి. పిడికిలి బిగించి నడి ఎముక మీద ఆనించేవాణ్ని ఇంకేమీ అడగక్కర్లేదు, మిషను తెచ్చుకోవాలి. అలాగని వేలు చూపించినవాణ్ని ఇంటికి పంపమని కాదు. ఛాతీ అన్న ప్రతి మనిషికీ వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ఎలాగూ ఉన్న రూలే. ఇద్దరొచ్చి మిషను ఒక్కటే ఉన్న రోజున ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలియడానికే ఈ చెయ్యి చూడడం.

చూడడంతో సరిపోదు, పట్టుకోవాలి కూడా అనేది. మా వైపు ఎండలు ముదిరితే మంచం మీద పడుకున్నవాడికీ చెమటే, పక్కన విసురుతున్నవాడికీ చెమటే, సూది పొడిచే నాకూ చెమటే. ఎండకి పట్టిన చెమట వెచ్చగా ఉంటుంది. గుండె దెబ్బతిన్న మనిషి చెమట చల్లగా, జిగటగా ఉంటుంది. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

ఇక అంకె. నొప్పి పదికి ఎంత అని అడిగి చీటీలో రాయాలి. ఈ పని నాకు మొదటినుంచీ నచ్చదు. నొప్పేమైనా పరీక్ష రాసిందా మార్కులు వేయడానికి అనిపించేది. కానీ ఆవిడ అడుగుతుంటే వినాలి. సున్నా అంటే ఏమీ లేనట్టు, పది అంటే ఇంతకు మించి ఓర్చుకోలేనట్టు, ఈ రెండిటి మధ్య నీది ఎక్కడుందో చెప్పు అని, పొద్దుటినుంచి ఇరవయ్యో మనిషైనా సరే ఒక్క ముక్క వదలకుండా అడిగేది. ముహూర్తం దాటిపోతున్నప్పుడు పంతులుగారు మంత్రాలు మింగేసినట్టు ఈ మాట మింగకండర్రా అని మాకు చెప్పేది.

ఆ వచ్చిన అంకెకి ఉద్దానం వాళ్లయితే రెండు కలుపుకోమనేది. నవ్వులాటకి కాదు. ఉద్దానంలో ఇంటికొకరన్నట్టు కిడ్నీ జబ్బు. బీపీ పట్టీ చుట్టకముందే క్రియాటినిన్ కాగితం చేతిలో పెడతారు. అక్షరం ముక్క రాని ముసలాయన కూడా నాది రెండు పాయింటు నాలుగు అని చెబుతాడు. నొప్పి బిళ్లలు కిడ్నీలని తినేస్తాయన్న సంగతి ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. కాబట్టి నొప్పి ఎక్కువని చెబితే ఎక్కడ నొప్పి సూది పొడిచేస్తారో అని తగ్గించి చెబుతారు. ఏడుని అయిదంటారు. అయిదుని ఏటో కొద్దిగా అంటారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినదాన్నే ఇప్పుడు చెప్పబోయే పని చేశాను.

అది మే నెల. జీడి పని జోరుగా సాగే రోజులు. సీనియర్ సిస్టరు మనవరాలి అన్నప్రాసనకని సెలవు పెట్టింది. పగటి డ్యూటీకి నేనూ, ఆయమ్మా ఉన్నాం. డాక్టరుగారు లోపల గదిలో ఓపీ చూస్తున్నారు. పదకొండు దాటి పది నిమిషాలకి షేర్ ఆటోలో ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఇద్దరూ జీడి ఫేక్టరీ మనుషులని వాళ్ల వాసనే చెబుతుంది. కాల్చిన పిక్కల వాసన చీరలోంచి ఉతికినా పోదు. పెద్దామెకి యాభై ఉంటాయి. చిన్నామె ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, పని మధ్యలో వచ్చానని, మళ్లీ వస్తానని అదే ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఏమైందని అడిగాను. పొద్దున్న పనిలో కూర్చున్న కాసేపటికి మొదలైందట. సోడా తాగిందట, వాము నమిలిందట. గుండెల్లో నొప్పిగా ఉందా అంటే తల అడ్డంగా ఊపింది.

“నొప్పి నేదమ్మా. బరువుగుంది.”

బరువు అన్న మాటకే నేను లేచి నిలబడాల్సింది. గుండె నొప్పి చాలామందికి నొప్పిలా ఉండదు, ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. ఆ సంగతి ఇప్పుడు పిల్ల నర్సులకి గంటసేపు చెబుతాను. అప్పుడు మాత్రం బీపీ చూశాను, కొంచెం తక్కువగా ఉంది. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టాను. అంకె రాలేదు. ఇంకో వేలికి పెట్టాను, రాలేదు. ఆమె మొదట్లో కొన్నేళ్లు పిక్కలు కొట్టే పని చేసిందట, అప్పటి జీడి నూనెకి వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పెచ్చులు కట్టి ఉంది. ఆ నలుపులోంచి మిషనుకి ఏమీ కనబడలేదు. ఎడమ చేతి వేళ్లయిదూ ఒకటొకటిగా పట్టుకుని క్లిప్పు మార్చి మార్చి పెట్టాను. అంటే ఆమె చెయ్యి నా చేతిలో రెండు నిమిషాలైనా ఉంది. ఆ చెయ్యి చల్లగా ఉందో వెచ్చగా ఉందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. నేను పట్టుకున్నది క్లిప్పుని.

కుడిచేత్తో ఆమె కొంగు పట్టుకుని ఉంది. మా వైపు ఆడవాళ్లు కొత్తచోట కూర్చుంటే కొంగు గుండెల దగ్గర పట్టుకునే కూర్చుంటారు. నేను అలాగే అనుకున్నాను.

చిరాకు వచ్చింది. పొద్దుటినుంచి కాలు నిలవలేదు, కరెంటు పోయి వస్తోంది, క్లిప్పు పనిచేయడం లేదు. చీటీలో మిగిలిన గడి ఒక్కటే. ఒకటి నుంచి పది లోపల ఎంతమ్మా అని అడిగాను. అంతే అడిగాను. సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో చెప్పలేదు. పంతులుగారిలాగే మింగేశాను.

ఆమె ఆలోచించలేదు. నా మొహంలోకి చూసి ఒకటి అంది.

ఒకటికి రెండు కలిపినా మూడే. ఒకటి అని రాశాను, పక్కన ఆమె వచ్చిన టైము వేశాను. ఈసీజీ తీస్తాను, కూర్చో అని చెప్పి మిషను కోసం లోపలికి వెళ్లాను. మిషను తోసుకుని వస్తుండగా గుమ్మం ముందు ఒక కారు, వెనక రెండు మోటారు సైకిళ్లు ఆగాయి.

వచ్చినాయన మందస వైపు బుగత. జీడితోటలు, కొబ్బరితోటలు, ఊళ్లో మాట చెల్లుబాటు, పార్టీలో ఒక పదవి. కూడా ఆరుగురు వచ్చారు, అందరికీ ఆయన బావో మావో అవుతాడు. ఆయన ఎడమ రొమ్ము కింద ఒక్క వేలు పెట్టి, ఇక్కడ పొడిచేస్తోందని, ప్రాణం పోతోందని గట్టిగా చెప్పాడు. ఆ వేలు నాకు కనబడింది. కనబడిందని ఒప్పుకోవడం అవసరం. పదికి ఎంత అంటే పన్నెండు అన్నాడు. మా బావకి గతంలో ఎప్పుడూ ఇలాగ లేదని ఒకడు, డాక్టర్ని బయటికి పిలవమని ఇంకొకడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా, వాళ్లు ఆరుగురూ కలిసి అడిగారు. బెంచీ మీద ఆమె ఏమీ అడగలేదు.

మిషనుని ఆయన మంచం వైపు తిప్పాను. పన్నెండు ముందా, ఒకటి ముందా అంటే ఎవరైనా పన్నెండే అంటారు. ఆయన భయం అబద్ధమని అనను. ఆయన నిజంగానే హడలిపోయాడు. కానీ చొక్కా విప్పడానికి అయిదు నిమిషాలు, ఛాతీ మీద వెంట్రుకలకి మిషను బుడిపెలు అంటుకోకపోతే బ్లేడుతో గీయడానికి ఇంకో అయిదు, వద్దన్నకొద్దీ సెల్ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ కదులుతుంటే గీతలు వంకరపోయి మళ్లీ తీయడానికి ఇంకొన్ని. మధ్యలో దూది కోసం, బ్లేడు కోసం, డాక్టరుగారి కోసం నేను హాల్లోంచి వెళ్లాను, వచ్చాను. ఈసీజీ శుభ్రంగా ఉంది. డాక్టరుగారు పక్కటెముకల మధ్య వేలితో నొక్కితే కెవ్వుమన్నాడు. కండ పట్టింది. తోటలో పనసపళ్లు తనే ఎత్తి ఆటోలో వేయించాడట ముందురోజు.

డాక్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. బెంచీ మీద ఒకామె ఉంది సార్, ఆమెది ఒకటే, ఆగొచ్చు అన్నాను.

మా ఆయా అప్పుడు ఆ గదిలో తడిగుడ్డ పెడుతోంది. ఆసుపత్రికి రాకముందు ఆవిడ కూడా అదే ఫేక్టరీలో పన్నెండేళ్లు జీడిపప్పు వలిచింది. మామూలుగా డాక్టరుగారి ముందు నోరు విప్పదు. తడిగుడ్డ వదిలేసి నిలబడింది.

“ఒకటంటే ఆగొచ్చంతారేటమ్మా? ఆ అప్ప గ్రేడింగులో సేత్తాది. ఆళ్ల గంపల్లో ఒకటంటే లావు గుండు. పదంటే నూక.”

ఈ మాట జీడి తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తెలియనివాళ్లకి చెబుతాను. విరగని నిండు పప్పుని గుండు అంటారు, రెండుగా విడిపోయినది బద్ద, పొడిపొడి అయినది నూక. ఆ ఫేక్టరీలో గ్రేడింగు చేసే ఆడవాళ్ల ముందు వరసగా పది గంపలుండేవి. అన్నిటికన్నా లావు గుండు ఒకటో గంపలోకి వెళుతుంది. తగ్గుతూ తగ్గుతూ పదోదానిలో ఊడ్చి పోసే నూక ఉంటుంది. రోజంతా, ఏళ్ల తరబడి, ఆమె చెయ్యి చేసిన పని అదే. అన్నిటికన్నా పెద్దదాన్ని ఒకటిలో వేయడం.

నేను హాల్లోకి పరిగెత్తాను. ఆమె కూర్చున్నచోటే కూర్చుని ఉంది, అరవలేదు, పడిపోలేదు, గోడకి తల ఆనించింది. మొహం బూడిద రంగులో ఉంది. కొంగు పట్టుకున్న చెయ్యి తీయబోతే రాలేదు. కొంగుతో సహా పిడికిలి బిగించి నడి ఎముక మీద ఆనించి ఉంది, ఇరవై నిమిషాలుగా నా కళ్లముందే. కొంగు లోపల పిడికిలి ఉంటుందని సీనియర్ సిస్టరు చెప్పలేదు. ఆవిడ చెప్పకపోతే నేను చూడకూడదని కాదు.

తర్వాత జరిగినవి చకచకా జరిగాయి, అవి చేయడం మాకు వచ్చు. బుగతగారి మనుషులే ఆమెని ఎత్తి మంచం మీద వేశారు. అప్పటిదాకా కేకలేసినవాడే సెలైను స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. ఈసీజీ కాగితం బయటికి వస్తుంటే డాక్టరుగారు చివరిదాకా ఆగలేదు. గుండె ముందు గోడకి రక్తం అందడం లేదని గీతలు పైకి లేచి చూపిస్తున్నాయి. ఆస్పిరిన్ నమిలించాం, గడ్డ కరిగించే సూది వేశాం, అంబులెన్సు పిలిచి శ్రీకాకుళం పంపించాం. అంబులెన్సు ఎక్కిస్తుంటే ఆమె నన్ను చూసి, పనిలో చెప్పమని, తన పీట ఎవరికీ ఇచ్చేయొద్దనమని అడిగింది. చెబుతానన్నాను.

అంతా అయ్యాక టేబుల్ దగ్గర కూర్చుని చీటీకి ఈసీజీ కాగితం పిన్ను కొట్టాను. చీటీ మీద నా రాత, పదకొండు పది. ఈసీజీ మీద మిషను అచ్చువేసిన టైము, పదకొండు ముప్పై ఎనిమిది. పది నిమిషాల్లో తీయాల్సింది ఇరవై ఎనిమిది నిమిషాలకి తీశాను. డాక్టరుగారు ఆ రెండు అంకెలూ చూశారు, నన్ను చూశారు, సంతకం పెట్టి ఓపీకి వెళ్లిపోయారు. ఏమైనా అంటే బాగుండేది.

మర్నాడు సీనియర్ సిస్టరు వచ్చాక నేనే చెప్పాను. మొత్తం విని ఒక్కటే అడిగింది, అంకె పూర్తిగా అడిగావా అని. లేదన్నాను. ఆవిడ తెలుగులోనూ తిట్టలేదు, ఒడియాలోనూ తిట్టలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి ఆ బెంచీని జరిపించి, నా టేబుల్ దగ్గర కూర్చుంటే మొహం కనబడేలా వేయించింది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లయినా పలాస బస్సు ఆ టైల్స్ షాపు ముందునుంచి వెళితే నేను రెండోవైపు కిటికీలోంచి చూస్తాను.

ఇప్పుడు టెక్కలిలో కొత్త పిల్లలకి పని నేర్పేది నేనే. కంప్యూటర్లో గడి ఉంటుంది, అందులో సున్నా నుంచి పది దాకా ఏదో ఒకటి నొక్కితేనే తర్వాత పేజీ వస్తుంది. పిల్లలు దాన్ని నొక్కడానికి అడుగుతారు. నేను ముందు ఏం పని చేస్తావని అడగమంటాను. జీడి మనిషైతే లావు గుండా, బద్దా, నూకా అని అడుగుతాను. పడవ మీదకి వెళ్లేవాడైతే ఊపిరి తీస్తే వల లాగినట్టుందా అని అడుగుతాను. కొబ్బరి చెట్టెక్కేవాణ్ని నిన్న ఎన్ని చెట్లెక్కావు, ఇవాళ ఎన్నో చెట్టు దగ్గర ఆగిపోయావు అంటే, అంకె అడిగినదానికన్నా ఖచ్చితంగా చెబుతాడు. పిల్లలు నవ్వుతారు. మేడమ్ రోగిని చూస్తున్నారా, జనాభా లెక్కలు రాస్తున్నారా అని వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. మా గదిలో ఆ లోకువ పనికిరాదని మాత్రం వాళ్లకి గట్టిగా చెబుతాను. ఎందుకని అడిగితే పలాస బెంచీ కథ చెబుతాను, కానీ ఎప్పుడూ అంబులెన్సు దగ్గర ఆపేస్తాను. ఆమె మళ్లీ వచ్చిన రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె బతికింది. నెలన్నర తర్వాత, వానలు మొదలయ్యాక, శ్రీకాకుళం కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని డాక్టరుగారికి చూపించడానికి ఒక్కతే బస్సులో వచ్చింది. గుమ్మానికి రెండే మెట్లు. మొదటి మెట్టు ఎక్కి ఆగింది, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని రెండోది ఎక్కింది. కాగితాలు చూడకముందే నాకు తెలిసిపోయింది. గుండె కొట్టుకోవాల్సినంత బలంగా కొట్టుకోవడం లేదని స్కానింగులో రాశారు. ముందు గోడలో కొంత భాగం చచ్చిపోయింది. గడ్డ కరిగేలోపు గడిచే ప్రతి నిమిషానికీ కొంత కండ పోతుంది, పోయింది మళ్లీ రాదు. ఆమె గుండెలో పోయినదానిలో ఇరవై ఎనిమిది నిమిషాల వంతు నాది. అందులో పది తీసేసినా పద్దెనిమిది నాది.

డాక్టరుగారు వచ్చేదాకా అదే బెంచీ మీద కూర్చోబెట్టి బీపీ చూశాను. ఈసారి చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. చీటీలో గడి ఉంది కాబట్టి ఇప్పుడు బరువెంతమ్మా, పదికి అని అడిగాను. ఆమె కొంచెం నవ్వింది.

“పది. నూకమ్మా.”

నేను సున్నా అని రాశాను. పని ఎలా ఉందని అడిగితే, పనిలోకి వెళ్లడం లేదంది. కింద కూర్చుంటే లేవడానికి ఆయాసం. పీట ఇంకొకరికి ఇచ్చేశారట. నేను ఫేక్టరీకి ఫోను చేసి చెప్పిన మాట నిజమే, వాళ్లు నెలరోజులు ఆగిన మాటా నిజమే. ఇంట్లో కూర్చుని ఏమీ తోచక బియ్యంలో రాళ్లేరుతుంటే కూడా చెయ్యి అలవాటుగా నిండు గింజల్ని ఒక పక్కకి తోస్తోందని చెప్పింది. ఇదేదో సరదా కబురులాగే చెప్పింది.

ఆమెకి ఏమీ తెలియదు. తనని కాపాడిన నర్సమ్మని నేనే అనుకుంటోంది. సంచీలోంచి చిన్న పొట్లం తీసి టేబుల్ మీద పెట్టింది, పని మానేసిన రోజున ఫేక్టరీవాళ్లు తనకిచ్చిన పప్పు, ఒకటో నంబరు. నేను దాన్ని అందుకోలేకపోయాను. అక్కడ ఊరుకుంటే ఎవరూ నన్ను అడగరు. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. కానీ ఆ పొట్లం ముందు పెట్టుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. ఆ రోజు నువ్వు ఒకటి అంటే నేను తక్కువ అనుకున్నానమ్మా, మిషను ఆయనకి పెట్టాను, నీకు ఆలస్యం చేశాను, నీ గుండెకి తగిలిన దెబ్బలో నాదీ కొంత ఉంది అని, అంకెలతో సహా చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. రెండూ చేయలేదు. పొట్లాన్ని వేలితో నా వైపు ఇంకొంచెం జరిపింది. అందులో కోపం లేదు. తనకీ ఇన్నాళ్లూ అర్థం కానిది ఏదో ఇప్పుడు అర్థమైనట్టు ఉంది మొహం.

“అదా అమ్మా. మీరు మూడుసార్లు నా ముందునుండే ఎల్లినారు. పిలుద్దుననుకున్నాను. ఒకటని సెప్పేసినాను గదా, ఇంకేటి సెప్పాలో నాకు తెలీనేదు. ఒకటి కన్నా పెద్దది నేదు గదా.”